ఈ రాత్రి మళ్లీ వాన పడితే? బ్యాంకుల స్ట్రెస్ టెస్టుల మీద తిరుపతిలో ఒక ప్రసంగం

(తిరుపతిలో కామర్స్ విద్యార్థులు, కొందరు రిటైరైన ఉద్యోగుల ముందు ఒక మాజీ బ్యాంకు అధికారి మాట్లాడిన మాటలు. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినబడుతోందా? సరే. స్లైడ్లు ఏమీ తేలేదు, బోర్డు ఉంది, చాక్‌పీసు ఉంది, అది చాలు.

ముందు ఒకటి అడుగుతాను. 2021 నవంబరులో తిరుపతిలో ఉన్నవాళ్లు చేతులెత్తండి. దాదాపు అందరూ ఉన్నారే. అయితే నేను చెప్పక్కర్లేదు, ఆ వాన ఎలా పడిందో, వీధులు ఏరులెలా అయ్యాయో మీరే చూశారు. వాన కాస్త తెరిపిచ్చిందనుకున్నాక రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు లీకు పడిందన్న వార్త వచ్చింది. కృష్ణదేవరాయల కాలం నాటిదని చెప్పుకునే పెద్ద చెరువు అది, కింద ఎన్నో ఊళ్లున్నాయి. ఆ ఊళ్లు ఖాళీ చేయించారు, ఇసుక బస్తాలు వేశారు, నీళ్లు బయటికి వదిలారు. కట్ట నిలబడింది.

ఆ రోజుల్లో అక్కడ అందరినీ తినేసిన ప్రశ్న ఒక్కటే. ఇప్పుడున్న నీళ్లను కట్ట ఆపుతోంది, అది కంటికి కనబడుతోంది. ఈ రాత్రి మళ్లీ అంత వానే పడితే? మొరవ ఎంత నీటిని బయటికి పంపగలదు, కట్ట ఎక్కడ బలహీనంగా ఉంది, తెగితే ముందు మునిగే ఊరు ఏది? బ్యాంకుల్లో స్ట్రెస్ టెస్ట్ అని పెద్ద పేరు పెట్టి చేసే పని అచ్చంగా ఇదే. అంతా బాగున్న రోజునే ఆ ప్రశ్న అడగాలి, కష్టం అంతా అక్కడే ఉంది, ఎందుకంటే ఎండ కాస్తున్నప్పుడు కట్ట గురించి మాట్లాడేవాణ్ణి ఎవరూ పక్కన కూర్చోబెట్టుకోరు. ఆ సంగతి తర్వాత చెబుతాను, నా అనుభవమే ఒకటి ఉంది.

ముందు కట్ట అంటే ఏమిటో తేల్చుకుందాం. బ్యాంకుకు కట్ట దాని సొంత మూలధనం, క్యాపిటల్. దీని మీద బ్యాంకు ఉద్యోగుల్లోనే చాలామందికి ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. క్యాపిటల్ అంటే ఎక్కడో బీరువాలో పక్కన పెట్టిన డబ్బు అనుకుంటారు. కాదండీ. డిపాజిట్లలో కొంత రిజర్వ్ బ్యాంకు దగ్గర ఉంచేది సీఆర్ఆర్, కొంత ప్రభుత్వ బాండ్ల లాంటి వాటిలో ఉంచేది ఎస్ఎల్ఆర్, పక్కన పెట్టేది అవి, ఆ లెక్క వేరు. క్యాపిటల్ అనేది ఆ డబ్బు ఎవరిది అన్న ప్రశ్నకు జవాబు.

బోర్డు మీద చూడండి. ఒక చిన్న బ్యాంకు. జనం వేసిన డిపాజిట్లు 90 రూపాయలు, వాటాదారులు పెట్టింది 10. మొత్తం 100 అప్పులుగా ఇచ్చేసింది, ఆ పది కూడా అందులోనే పోయింది, బీరువాలో ఏమీ లేదు. ఇప్పుడు 6 రూపాయల అప్పు మునిగింది. బ్యాంకు చేతిలో 94 మిగిలింది. డిపాజిట్ వేసిన మీకు ఇవ్వాల్సింది మాత్రం 90, అది పైసా తగ్గదు. కాబట్టి వాటాదారుల 10 కాస్తా 4 అయింది. మీకు తెలియను కూడా తెలియదు, మీ పాస్‌బుక్కులో ఏమీ మారదు. అదే 12 మునిగితే? చేతిలో 88, ఇవ్వాల్సింది 90. కట్ట మీద నుంచి నీళ్లు పొర్లాయి, ఇక కింద ఊళ్లలోకే. నష్టం మీ దాకా రాకుండా ముందు ఎవరి డబ్బు తినాలి, అది ఎంత ఉండాలి అన్నదే ఈ నియమాలన్నిటి సారం.

మరి ఎంత ఉండాలి అని ఎవరు చెప్పాలి? 1974 జూన్‌లో జర్మనీలో హెర్‌స్టాట్ అనే బ్యాంకు విదేశీ మారకం వ్యాపారంలో మునిగింది. దాన్ని మూసేసిన సమయానికి జర్మనీలో సాయంత్రం, అమెరికాలో ఇంకా పొద్దున. జర్మనీ వైపు డబ్బు కట్టేసినవాళ్లు అమెరికా వైపు రావాల్సిన డాలర్ల కోసం ఎదురుచూస్తూ ఉండిపోయారు. ఒక దేశంలో బ్యాంకు మునిగితే ఇంకో దేశానికి తగులుతుందని అప్పుడు ఒళ్లు జలదరించి, ఆ ఏడాదే పెద్ద దేశాల కేంద్ర బ్యాంకులు కలిసి స్విట్జర్లాండ్‌లోని బాసెల్ ఊళ్లో ఒక కమిటీ పెట్టుకున్నాయి. ఆ కమిటీ 1988లో, రిస్కును బట్టి లెక్కేసిన ఆస్తుల మీద, అంటే ఇచ్చిన అప్పులు, కొన్న బాండ్ల మీద, కనీసం 8 శాతం క్యాపిటల్ ఉండాలంది. మన దేశంలో 1991 నాటి నరసింహం కమిటీ సిఫారసులతో 1992 నుంచి ఈ పద్ధతి మొదలైంది. ఆ మైదవోలు నరసింహం గారు తెలుగువారే, రిజర్వ్ బ్యాంకులో ఉద్యోగిగా చేరి గవర్నరైన మొదటి మనిషి. తర్వాత మన కనీస శాతాన్ని 9 చేశారు. 2008లో అమెరికా బ్యాంకులు కూలిన దెబ్బ తర్వాత ఆ కమిటీ మూడో విడత నియమాలు, బాసెల్ 3, వచ్చాయి, మన దగ్గర 2013 ఏప్రిల్ నుంచి మెల్లమెల్లగా అమలుచేశారు. ఆ 9కి తోడు మరో రెండున్నర శాతం బఫర్, కలిపి పదకొండున్నర. ఈ రెండున్నరలో ఆఖరి విడత 2021 అక్టోబరుకు గాని పూర్తి కాలేదు. స్టేట్ బ్యాంకు, హెచ్‌డీఎఫ్‌సీ, ఐసీఐసీఐ ఈ మూడూ మునిగితే దేశమే ఊగుతుంది కాబట్టి వాటికి ఇంకొంచెం ఎక్కువ.

బఫర్ అన్న మాట మీద ఒక్క నిమిషం ఆగుతాను. ఆ రెండున్నర శాతం కష్టం వచ్చినప్పుడు వాడుకోవడానికే ఉంది. వాడుకున్నప్పుడు వాటాదారులకు పంచే డివిడెండ్ల మీద ఆంక్షలు పడతాయి, అంతే, బ్యాంకు మూసేయరు. కాని మన జనం, మన పేపర్లు, మన మార్కెట్టు అందులో అర శాతం తగ్గినా అయిపోయిందన్నట్టు చూస్తాయి, దాంతో బ్యాంకులు దాన్ని ముట్టుకోవడానికే భయపడతాయి, వాడలేని బఫర్ ఉన్నా లేనట్టే కదా అని నాకు ఎప్పుడూ బాధ.

ఇప్పుడు రిస్క్ వెయిట్ల సంగతి, అంటే మునిగే భయాన్ని బట్టి ఒక్కో అప్పుకు వేసే తూకం. అన్ని అప్పులూ ఒకటి కావు. కేంద్ర ప్రభుత్వ బాండు మీద పెట్టిన వంద రూపాయలను అప్పు మునిగే లెక్కలో సున్నాగా చూస్తారు. 30 లక్షల లోపు ఇంటి లోను, అదీ ఇంటి విలువలో 80 శాతం మించకుండా ఇస్తే, వందను 35గా లెక్కేస్తారు. 35లో పదకొండున్నర శాతం అంటే నాలుగు రూపాయల రెండు పైసలు, ఆ మాత్రం సొంత డబ్బు వెనక ఉంటే చాలు. హామీ లేని పర్సనల్ లోను వందను 2023 నవంబరు నుంచి 125గా లెక్కేయమన్నారు, అంటే 14 రూపాయల పైనే కావాలి. ఫోన్లో మూడు నొక్కులకు వచ్చే లోన్లు విపరీతంగా పెరుగుతున్నాయని రిజర్వ్ బ్యాంకు పట్టిన కళ్లెం అది. ఇళ్ల లోన్లు, చదువుల లోన్లు, బండి లోన్లు, బంగారం లోన్లు ఆ పెంపులోకి రాలేదు.

ఈ కళ్లెం కొత్తది కాదు. 2004 నుంచి 2006 దాకా అందరూ అపార్ట్‌మెంట్లు, మాల్స్ అని ఎగబడుతున్న రోజుల్లో రిజర్వ్ బ్యాంకు రియల్ ఎస్టేట్ వ్యాపార అప్పుల వెయిట్‌ను 100 నుంచి 125కి, తర్వాత 150కి పెంచింది. అప్పటి గవర్నరు వై.వి.రెడ్డి గారు, మన పక్కన కడప జిల్లాలో పుట్టిన మనిషి. అంతా బాగుంటే ఈయనకు ఎందుకింత భయం అని ఆరోజు విసుక్కున్న బ్యాంకర్లను నేను చూశాను. 2008లో అమెరికా బ్యాంకులు కూలినప్పుడు విసుక్కున్నవాళ్లే దండం పెట్టారు.

సరే, స్ట్రెస్ టెస్ట్. మీకు బాగా తెలిసిన బంగారంతోనే చేద్దాం. లక్ష రూపాయల నగ కుదవ పెట్టారు. చాలాకాలంగా 75 శాతం దాకానే ఇచ్చేవాళ్లు. 2025 జూన్‌లో వచ్చిన కొత్త నిబంధనల్లో రెండున్నర లక్షల లోపు అప్పులకు 85 శాతం దాకా ఇవ్వొచ్చన్నారు, గడువు రోజున ఒకేసారి కట్టే లోనైతే వడ్డీ కూడా అందులోనే కలవాలి. ఇప్పుడు బంగారం ధర 20 శాతం పడిందనుకోండి. నగ 80 వేలైంది. పాత లెక్కలో 75 వేల అప్పు, ఇంకా ఐదు వేలు ఊపిరి ఉంది. కొత్త లెక్కలో 85 వేలు కట్టాలి, చేతిలో 80 వేల నగ. ఒక్కో లక్షకు ఐదు వేలు గండి. మీ శాఖలో ఇలాంటి నగలు ఎన్ని లక్షలవి ఉన్నాయో దాంతో గుణించండి. 20 శాతం ఎందుకు పడుతుందండీ అంటారా, 2013 ఏప్రిల్‌లో కొద్ది రోజుల్లోనే ఎలా జారిందో గుర్తున్నవాళ్లు ఈ హాల్లో ఉన్నారు.

అయితే లెక్క ఇక్కడితో అయిపోదు. మన ఆడవాళ్లు తాళిబొట్టు గొలుసు పెట్టి అప్పు తెచ్చుకుంటే, ధర పడిందని దాన్ని బ్యాంకుకు వదిలేస్తారా? వదలరు. ఆవును అమ్మైనా విడిపిస్తారు. అదే, ఎవరి నగలో తెచ్చి పదుల లక్షలు తీసుకుని వ్యాపారంలో పెట్టినవాడు లెక్క చూసుకుని వదిలేస్తాడు. పుస్తకంలో ఇద్దరిదీ బంగారం లోనే. ఎవరిది ఏ రకమో కౌంటర్లో కూర్చున్న మనిషికి తెలుస్తుంది, పైన కూర్చుని కంప్యూటర్లో లెక్కేసేవాడికి తెలియదు. మంచి స్ట్రెస్ టెస్టుకు ఈ కింది మనిషి మాట కావాలి.

ఇక నా అనుభవం. చాలా ఏళ్ల కిందట, ఒక బ్యాంకు ప్రాంతీయ కార్యాలయంలో ఉండగా, మన జిల్లా శాఖల అప్పుల మీద ఒత్తిడి పరీక్ష రాసి పంపమన్నారు. చిత్తూరు జిల్లా అంటే తోతాపురి మామిడి, గుజ్జు ఫ్యాక్టరీలు. జూన్, జూలైల్లో కాయ కొని గుజ్జు తీసి డ్రమ్ముల్లో నింపి, ఏడాది పొడవునా అమ్ముకుంటారు, చాలావరకు విదేశాలకు. కాగితం మీద మా అప్పులు చక్కగా విడివిడిగా ఉన్నాయి. రైతులకు పంట లోన్లు, ఫ్యాక్టరీలకు రోజువారీ ఖర్చుల కోసం ఇచ్చే వర్కింగ్ క్యాపిటల్ లోన్లు, లారీల లోన్లు, డ్రమ్ములు, పెట్టెలు చేసేవాళ్లవి, ఆ ఊళ్లలో కిరాణా కొట్లవి. ఒకటి పోతే ఇంకోటి ఆదుకుంటుందని అందరి ధీమా. నేను రెండు నెలలు తిరిగి చూస్తే అవన్నీ ఒకే తోతాపురి చెట్టు కొమ్మలు. గుజ్జు అమ్ముడుపోకపోతే ఫ్యాక్టరీ కాయ కొనదు, రైతు కిస్తు కట్టడు, లారీ షెడ్డులో ఉంటుంది, కొట్టువాడు అరువు వసూలు చేసుకోలేడు. అందుకని, వరసగా రెండు సీజన్లు గుజ్జు ధర 40 శాతం పడితే ఏమవుతుందో లెక్కేసి రాశాను. ఫలితం భయంకరంగా వచ్చింది.

పైనుంచి పిలుపొచ్చింది. ‘ఇంత దారుణంగా ఎవరైనా రాస్తారా నాయనా, 10 శాతం పెట్టు, ఫైలు కదలాలి’ అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు, నాకు పని నేర్పిన మనిషే. నేను 10 శాతానికి మార్చాను. పరీక్ష పాసైంది. తర్వాత డ్రమ్ములు కదలని సీజన్లు రెండు వరసగా వచ్చాయి, అన్ని కొమ్మలూ ఒకేసారి ఎండాయి. వసూళ్ల కోసం నేను ఏ రైతు ఇంటి ముందు నిలబడ్డానో ఆ రైతు తప్పేమీ లేదని నాకు తెలుసు. ఆ మార్చిన కాగితం మీద సంతకం నాదే. ఇవాళ మీ ముందుకు వచ్చి మాట్లాడడానికి అసలు కారణం అదే.

ఇది చిత్తూరు జబ్బు మాత్రమే అనుకోకండి. 2010 జూలైలో యూరప్‌లో 91 బ్యాంకులకు పరీక్ష పెట్టారు, ఏడే తప్పాయి. ఐర్లండ్ పెద్ద బ్యాంకులు రెండూ పాసయ్యాయి. నవంబరుకల్లా ఆ బ్యాంకుల భారం మోయలేక ఐర్లండ్ దేశమే సాయం కోసం చెయ్యి చాచింది. ప్రభుత్వ బాండ్ల విలువ పడితే అన్న ప్రశ్నను, అమ్మకానికి పెట్టుకున్న బాండ్ల వరకే అడిగారు, చివరిదాకా ఉంచుకుంటామన్న బాండ్లను వదిలేశారు. ఏ దేశమూ తన బాండ్లు మునుగుతాయని రాసుకోదు కదా. మరుసటి ఏడాది జూలైలో డెక్సియా అనే బ్యాంకు మంచి మార్కులతో పాసైంది, అక్టోబరులో దాన్ని ముక్కలు చేయాల్సి వచ్చింది.

అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు కథ ఇంకా దగ్గరిది. డిపాజిట్లను తీసుకెళ్లి ప్రభుత్వం అండ ఉన్న దీర్ఘకాల బాండ్లలో పెట్టింది. అప్పు మునుగుతుందన్న భయమే లేని ఆస్తులు. కాని 2022లో వడ్డీ రేట్లు ఎగబాకాయి, కొత్త బాండ్లు ఎక్కువ వడ్డీ ఇస్తుంటే తక్కువ వడ్డీ పాత బాండ్ల విలువ పడింది. ఆ నష్టం బయటపడి భయం పుట్టి, 2023 మార్చి 9న ఒక్క రోజులో 4,200 కోట్ల డాలర్లు జనం తీసేసుకున్నారు, మర్నాడు బ్యాంకు మూతబడింది. 2018లో చట్టం సడలించడం వల్ల ఆ సైజు బ్యాంకు అప్పటికి స్ట్రెస్ టెస్టు కిందికే రాలేదు. వచ్చి ఉన్నా ఏం లాభం, 2022 నాటి అతి కఠిన పరీక్షలో ఊహించింది వడ్డీ రేట్లు పడిపోతాయని! నీళ్లు తూర్పు నుంచి వస్తుంటే పడమటి కట్టకు బస్తాలు వేసినట్టు.

మరి పరీక్ష ఎప్పుడూ పనికిరాలేదా అంటే, వచ్చింది. 2009లో అమెరికాలో 19 పెద్ద బ్యాంకులను పరీక్షించి, మే నెలలో ఒక్కో బ్యాంకు పేరు పెట్టి ఫలితం బయటపెట్టారు. పదింటికి కట్ట చాలదని తేలింది, అన్నీ కలిసి 7,500 కోట్ల డాలర్ల దాకా తెచ్చుకోవాలన్నారు. అవి తెచ్చుకోలేకపోతే ప్రభుత్వమే పెడుతుందని ముందే చెప్పారు. ఎవరి పరిస్థితి ఏమిటో, లోటు ఎవరు పూడుస్తారో తెలిసేసరికి జనానికి ఊపిరి ఆడింది. తర్వాత ఏం చేస్తారో చెప్పని పరీక్ష భయమే పుట్టిస్తుంది.

మన రిజర్వ్ బ్యాంకు 2010 నుంచి ఆర్థిక స్థిరత్వ నివేదిక ఇస్తోంది, ఏడాదికి రెండుసార్లు, జూన్‌లో, డిసెంబరులో. అందులో ఈ పరీక్షలుంటాయి, తెలుగులో ఎవరూ పెద్దగా రాయరు, మీరు చదవండి. 2018లో మన బ్యాంకుల మొండి బాకీలు 11 శాతం దాటాయి. అంతకు ముందు ఏడాదే ప్రభుత్వ బ్యాంకులకు 2 లక్షల 11 వేల కోట్ల మూలధనం పథకం ప్రకటించాల్సి వచ్చింది, ఆ కట్ట మన పన్నుల మట్టితో కట్టినదే. 2025 మార్చికి మొండి బాకీలు 2.3 శాతానికి దిగాయి, క్యాపిటల్ సగటున 17 శాతం పైన ఉంది. బాగుంది, సంతోషమే. నా ఫిర్యాదు ఒక్కటే, మన దగ్గర ఫలితాలు అన్నీ కలిపి చెబుతారు, ఏ బ్యాంకుకు ఎంత వచ్చిందో పేరు పెట్టి చెప్పరు. చిన్న బ్యాంకు పేరు బయటపెడితే మర్నాడే జనం క్యూ కడతారన్న భయం నాకు తెలుసు, అందులో న్యాయం ఉంది. కాని ఆ మూడు పెద్ద బ్యాంకులవైనా చెప్పడం మొదలుపెట్టాలి.

ప్రశ్నలున్నాయా? అమ్మా, మీరు చెప్పండి.

(రిటైరైన ఒక ఉపాధ్యాయురాలు: మా డబ్బున్న బ్యాంకు సంగతి మాకెలా తెలుస్తుంది?)

మంచి ప్రశ్నమ్మా. ప్రతి పెద్ద వాణిజ్య బ్యాంకు వెబ్‌సైటులో కింద ఎక్కడో ‘బాసెల్ 3 డిస్‌క్లోజర్స్’ అని ఉంటుంది. మీ మనవణ్ణి తీయమనండి. సీఈటీ1 అన్న శాతం చూడండి, అది అచ్చమైన సొంత డబ్బు. ఆ పదకొండున్నరలో ఇది బఫర్‌తో కలిపి కనీసం 8 ఉండాలి, దానికి ఎంత పైన ఉందో, గత రెండేళ్లలో పెరుగుతోందా తరుగుతోందా చూడండి. డిపాజిట్ ఇన్సూరెన్సు మనిషికి ఒక బ్యాంకులో 5 లక్షలు, అసలు, వడ్డీ, అన్ని శాఖలవీ కలిపి. 2020 ఫిబ్రవరికి ముందు లక్షే ఉండేది. ఇంకోటి, బ్యాంకు పేరున్న ప్రతి కాగితమూ డిపాజిట్ కాదు. 2020 మార్చిలో యెస్ బ్యాంకు మీద ఆంక్షలు పెట్టి 50 వేలకు మించి తీయనివ్వనప్పుడు, డిపాజిట్ వేసినవాళ్లకు తర్వాత డబ్బు మొత్తం దక్కింది. అదే బ్యాంకు ఏటీ1 బాండ్లు 8,415 కోట్లు సున్నా చేశారు, ఆ వివాదం కోర్టుల దాకా వెళ్లింది. ఆ బాండ్లు క్యాపిటల్‌లో భాగం, కట్టలోని మట్టి. ఎఫ్‌డీ లాంటిదే అనుకుని కొన్న పెద్దవాళ్లు ఉన్నారు పాపం. ఇప్పుడు వాటిని కోటి రూపాయలకు తక్కువ అమ్మకూడదని సెబీ నియమం పెట్టింది. మన టీటీడీ ఆ బ్యాంకు నుంచి 1,300 కోట్లు కొన్ని నెలల ముందే వెనక్కి తీసుకుందని అప్పట్లో వార్తలొచ్చాయి, మీరూ చదివే ఉంటారు. శ్రీవారి సొమ్ముకు ఉన్నంత కాపలా మన పెన్షన్ డబ్బుకు మనమే పెట్టుకోవాలి.

ఆ అబ్బాయి చాలాసేపటి నుంచి చెయ్యెత్తాడు. చెప్పు నాయనా.

(ఒక విద్యార్థి: సార్, ఆ మామిడి గుజ్జు రిపోర్టు ఇప్పుడు రాయమంటే ఎంత శాతం పెడతారు?)

శాతంతో మొదలుపెట్టను. వెనక నుంచి వస్తాను, దాన్ని రివర్స్ స్ట్రెస్ టెస్ట్ అంటారు. ఈ శాఖ అప్పులు మునగాలంటే కాయ ధర ఎంతకు దిగాలి అని ముందు లెక్క తీస్తాను. ఆ ధర కాగితం మీద రాసుకుని దామలచెరువు మండీకి వెళ్లి, తల నెరిసిన వ్యాపారిని ఒకరిని పట్టుకుని, అయ్యా ఈ ధర మీ కాలంలో ఎప్పుడైనా చూశారా అని అడుగుతాను. చూశానంటే అదే నా పరీక్ష, ఎవరు పిలిచి చెప్పినా మార్చను. 2025 సీజన్‌లో తోతాపురి ధర ఎంత పడిందో మీకు తెలుసు, కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు ఇచ్చేలా, ప్రభుత్వం 4 కలిపేలా నిర్ణయించాల్సి వచ్చింది. కాబట్టి నా పట్టికలో ఇంకో గడి ఉంటుంది, ఆ 4 రూపాయలు రాకపోతే అని.